గుమ్మడికాయ కొట్టిన అమావాస్య

"మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి చేసుకునే అలవాటుందాండీ?" అని అడిగింది ఆవిడ.

"లేదండీ" అన్నాను. పక్కనే ఉన్న మా అమ్మాయి తల దించుకుంది.

గన్నవరం దాటాక పొలాల మధ్య, దెబ్బలు తిన్న కుక్కల్ని తెచ్చి సాకే రేకుల షెడ్లు అవి. ఆవిడే నడుపుతోంది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పసితనం నుంచీ ఆయాసం. దుమ్ము పడదు, పిల్లి పడదు, దుప్పటి దులిపినా పడదు. కుక్క కావాలని మాత్రం మూడేళ్లుగా ఒకటే పోరు. బొచ్చు పెద్దగా రాలని రకమైతే ఓసారి చూడొచ్చని చివరికి డాక్టరే అన్నాడు. అలా దొరికింది పూడుల్ పోలికల తెల్ల కుక్క, చంకలో ఇమిడేంత. ఎడమ కన్ను లేదు. పాత యజమాని బాల్కనీలో కట్టేసి ఇనప పైపుతో కొట్టేవాడట. విరిగి అతుక్కున్న పక్కటెముకల మీది బొడిపెల్ని ఆవిడ మా అమ్మాయి వేలితో తడిమించింది. "వాణ్ణి నా చేతికివ్వండి, తోలు ఒలిచేస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసింది. ఆ తర్వాతే అడిగింది ఆ ప్రశ్న.

నా కోపం సంగతి ఆటోనగర్‌లో ఎవర్నడిగినా చెప్తారు. లారీల కింద బరువు మోసే కమాను కట్టలు బాగుచేసే షాపు మాది. పొద్దున్నుంచీ సమ్మెట దెబ్బలే. మా నాన్న అదే షాపులో అదే చేత్తో నన్ను పెంచాడు. బెల్టు తీస్తూ "దండం దశగుణం" అనేవాడు. ఓసారి నా ముందుపళ్లు రెండు షాపు మెట్ల మీద రాలాయి. ఆయన్ని తిట్టుకుంటూ పెరిగి, అచ్చం ఆయనలాగే తయారయ్యాను. మా ఆవిడ చెంపకీ, మా అమ్మాయి వీపుకీ ఆ సంగతి తెలుసు. కొట్టిన రోజు సాయంత్రం పునుగుల పొట్లం తెచ్చేవాణ్ణి. దాంతో చెల్లుకు చెల్లు అనుకునేవాణ్ణి, సిగ్గులేకుండా.

కుక్క వచ్చిన దగ్గర్నుంచి మంచం కిందే. నా అడుగుల చప్పుడు వింటే ఉచ్చ పోసుకునేది. మా అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని, వేలి చివర పెరుగన్నం పెట్టి అందించేది. ఆరో రోజుకి అది వేలు నాకింది. "నాన్నా, నాకింది!" అని అరిచి, అది బెదురుతుందేమోనని తన నోరు తనే మూసుకుంది. ఆ పిల్ల మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. నాకు అసూయ వేసింది. నా దగ్గరికి అలా వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

ఎనిమిదో రోజుకి అది మా అమ్మాయి చంకెక్కి వీధిగుమ్మందాకా వచ్చింది. తొమ్మిదో రోజు అమావాస్య. ఆ రోజు షాపుకీ లారీకీ దిష్టి తీయకుండా మా ఆటోనగర్‌లో ఎవరూ పని మొదలుపెట్టరు. బూడిద గుమ్మడికాయలో కుంకుమ నీళ్లు పోసి, పైన కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి నేలకేసి కొడతాం. ఎంత గట్టిగా పగిలితే అంత మంచిదని మా నమ్మకం. "వీధి వీధంతా ఈ కుక్క మీదే కళ్లండీ. దీనిక్కూడా తీసేద్దురూ" అంది మా ఆవిడ. మంచికే అంది. నేనూ మంచికే ఒప్పుకున్నాను. ఆ చప్పుడు ఆ కుక్కకి ఎలా వినపడుతుందో ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

మా అమ్మాయి దాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. నేను కాయ తిప్పి, రెండు చేతులా తలపైకెత్తి, లారీకి కొట్టినట్టే కొట్టాను. ముక్కలు గోడదాకా ఎగిరాయి. ఎర్రనీళ్లు కుక్క మొహాన పడ్డాయి. అది పెట్టిన కేక మనిషి కేకలా ఉంది. దూకబోతుంటే మెడ పట్టుకున్నాను. నా బొటనవేలి మొదట్లో పళ్లు దింపింది, ఎముక తగిలేదాకా. విదిలించినా వదల్లేదు. గోడకేసి కొట్టాను. వదిలింది. అక్కడ ఆగొచ్చు. నేను ఆగలేదు. షాపు నుంచి తెచ్చిన ఇనప పైపు ఒకటి తలుపు వెనకాల ఉంటుంది. చేతికి అదే వచ్చింది. ఒక దెబ్బ నడుం మీద పడింది. రెండోది వెనక కాలి మీద. పుల్ల విరిగిన చప్పుడయింది. మూడోది ఎత్తాను. దిగేసరికి కింద మా అమ్మాయి ఉంది.

కుక్క మీద బోర్లా పడుకుంది. పైపు భుజానికి తగిలింది. ఏడవలేదు, నా వంక చూడలేదు. దెబ్బ తగలని చేత్తో కుక్క చెవులు మూసి పట్టుకుంది.

పిల్ల భుజం ఎముక చిట్లింది. కుక్క కాలికి సిమెంటు కట్టు, నా చేతికి గుడ్డ కట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సాయంత్రం కూడా పునుగులు తెచ్చాను. పొట్లం ఎవరూ విప్పలేదు.

నాలుగు రోజులకి మా అమ్మాయే నోరు విప్పింది. "దాన్ని తిరిగిచ్చేద్దాం నాన్నా."

"కరిచిందనా?"

"కాదు. నేను ఇంటర్‌కి హాస్టల్లో చేరిపోతా. అదెక్కడికి పోద్ది?"

మర్నాడే కుక్కని తీసుకుని బయల్దేరాం.

షెడ్ల దగ్గర ఆవిడ ముందు కుక్క కాలు చూసింది, తర్వాత పిల్ల భుజం, ఆ తర్వాత నా చెయ్యి. ఏమైందని అడిగేలోపే మా అమ్మాయి అందుకుంది. "మెట్ల మీంచి పడ్డాం ఆంటీ, ఇద్దరం. నేనే సరిగ్గా చూసుకోలేదు. నాకు ఆయాసం కూడా ఎక్కువైపోయింది. డాక్టరు గారు వద్దన్నారు."

"అంతేనాండీ?" అని ఆవిడ నన్నే అడిగింది.

"అంతేనండీ" అన్నాను.

'పిల్లకు ఆయాసం' అని పుస్తకంలో రాసి, నా వైపు తిప్పింది. కట్టు కట్టిన చేత్తోనే సంతకం పెట్టాను. ఆ కుక్క మా ఇంట్లో ఉన్నన్ని రోజులూ మా అమ్మాయి ఒక్కసారి కూడా ఇన్‌హేలర్ బయటికి తియ్యలేదు.