చెన్నయ్య ముక్కు, బాలనర్సమ్మ దగ్గు

నాచారం చెన్నయ్య ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగుతూనే, నాచారంలో ఎవరింట్లోనో ఉడుకుతున్న మాంసంలో ఉప్పు ఎన్ని పిడికిళ్లు తక్కువైందో చెప్పేవాడు. సరే, అంత దూరం నుంచి కాదు, నాలుగిళ్ల అవతల నుంచి. బస్సు కూడా లేదు, నడిచే వచ్చాడు. కానీ పెళ్లి పందిట్లో గంజు, అంటే పెద్ద వంట పాత్ర, మూత తీసి, ఆవిరి ఒక్కసారి గుండెల నిండా పీల్చి, "ఇంకో పిడికెడు" అనేవాడన్నది మాత్రం నిజం. ఆ పిడికెడుతో సరిగ్గా సరిపోయేదన్నదీ నిజమే.

నలభై ఏళ్లుగా చెన్నయ్య పెళ్లిళ్ల వంట మేస్త్రి. తాతల నాటి జొన్న చేలు ముందు ఫ్యాక్టరీలయ్యాయి, తర్వాత అపార్ట్‌మెంట్లయ్యాయి. ఆయన చేతిలో గరిటె మాత్రం మారలేదు. పని నేర్పిన మేస్త్రి ఆయన చేత ఒట్టు వేయించుకున్నాడు. మొదటి బంతి తిని లేచేదాకా గంజులోది వంటవాడి నాలుక మీద పడకూడదు. పడితే పెళ్లివారికి ఎంగిలి పెట్టినట్టే. ఆ ఒట్టును చెన్నయ్య ఏనాడూ తప్పలేదు. కన్ను, చెయ్యి, ముక్కు. ఈ మూడింటితోనే ఐదొందల మందికి వండేవాడు.

మూడేళ్ల కింద ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆ ముక్కును పట్టుకుపోయింది. ఓ పొద్దున పాలు మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్నా ఆయన మంచం మీద తీరిగ్గా పేపరు చదువుకుంటుంటే, భార్య బాలనర్సమ్మకు సంగతి అర్థమైపోయింది. తర్వాతి పెళ్లికి చీర కొంగు నడుముకు చుట్టి, "నేను గూడ వస్త" అని బయల్దేరింది.

అప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్య మాటల్లో చెప్పుకోని ఒక ఏర్పాటు ఉండేది. చెన్నయ్య మూత తీసి, అలవాటుగా ఆవిరి పీల్చి, కళ్లు మూసుకునేవాడు. వెనక నుంచి బాలనర్సమ్మ ఒకసారి దగ్గితే ఒక పిడికెడు ఉప్పు. దగ్గకపోతే మూత పెట్టేయడమే. మూడేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. చెన్నయ్య ముక్కు గురించి జనం ఇంకా గొప్పగా చెప్పుకున్నారు కూడా.

నారపల్లిలో జరిగిన ఒక పెళ్లి నాడు బాలనర్సమ్మకు నిజంగానే జలుబు చేసింది.

ఒకసారి దగ్గింది, పిడికెడు పడింది. రెండోసారి దగ్గింది, ఇంకో పిడికెడు పడింది. ఆమె భయపడి వద్దు వద్దని చేతులూపింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకుంటే దగ్గు రెట్టింపైంది. ఆరు పిడికిళ్లు పడ్డాక గానీ ఆమె వెళ్లి ఆయన చెయ్యి పట్టుకోలేకపోయింది.

బంతిలో మొదటి ముద్దకే అందరూ నీళ్ల గ్లాసులు అందుకున్నారు. చెన్నయ్య బావ దయాకర్ అందరికీ వినపడేలా అడిగాడు.

"ఏంది బావా, నారపల్లికి సముద్రం తెచ్చినవా? రెండు చేపలు గూడ ఇడిస్తే అయిపోతుండె గద!"

పందిరంతా నవ్వింది. చెన్నయ్య నవ్వలేదు.

నెల తిరక్కుండానే దయాకర్ కూతురు విజయశ్రీ పెళ్లి బోడుప్పల్‌లో. వంట చెన్నయ్యదేనని ఎప్పుడో అనుకున్నారు. పది రోజుల ముందు దయాకర్ ఇంటికొచ్చి, చాయ్ తాగి, గోడ వైపు చూస్తూ అన్నాడు. "బావా, గీసారి నువ్వు కుర్సీల దర్జాగ కూసో. క్యాటరింగోళ్లకు చెప్పాల్నా అని సూస్తున్న. ఆదివారందాక సోంచాయించి చెప్పు."

చెన్నయ్య గరిటెను కడిగి, తుడిచి, అటక మీద పెట్టేశాడు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

మనవరాలు సిరి అది చూడలేక శనివారం మధ్యాహ్నం ఇద్దరినీ స్కూటీ మీద ఎక్కించుకుని, ముగ్గురు ఎక్కకూడదని తెలిసీ, నాచారంలో కొత్తగా పెట్టిన వియత్నాం హోటల్‌కు తీసుకెళ్లింది. చిన్న గది. మోకాలెత్తు ప్లాస్టిక్ స్టూళ్లు, రేకు బల్లలు. ఒక మూల పొయ్యి మీద చెన్నయ్య గంజుకు మనవడిలాంటి గిన్నెలో కోడి ఎముకల చారు మరుగుతోంది.

చెన్నయ్య స్టూలు మీద కూర్చుంటూ, "గిది పీటనా, కుర్సీనా?" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు, పడితే లేపుత" అంది బాలనర్సమ్మ.

ముగ్గురి ముందు స్నానానికి సరిపోయేంత గిన్నెలు వచ్చాయి. చారులో తెల్లటి బియ్యపు సేమియా, కోడి ముక్కలు. పక్కన ఇంకో పళ్లెంలో పచ్చి పుదీనా, కొత్తిమీర, పెసర మొలకలు, నిమ్మ చెక్కలు, కోసిన ఎర్ర మిరపకాయలు.

చెన్నయ్య ఆ పళ్లెం వంక చూశాడు. నలభై ఏళ్లలో ఆయన దగ్గర ఏ పనివాడైనా ఆకులు వేయడం మరిచి వంట పంపితే ఊరుకునేవాడు కాదు. పళ్లెం పట్టుకుని సరాసరి పొయ్యి దగ్గరికి నడిచాడు.

"అమ్మా, గివి ఎయ్యకుండనే పంపినవ్. తొందరల మర్సినట్టున్నవ్."

హోటల్ నడిపే దీప వెనక్కి తిరిగింది. వాళ్ల నాన్నది గుంటూరు వైపు, ఉప్పల్‌లో సైంటిస్టుగా చేసి రిటైరయ్యాడు. ఈమె వియత్నాం రాజధాని హనోయిలో రెండేళ్లు వంట నేర్చుకుని వచ్చింది.

"మరిచిపోలేదు బాబాయ్ గారూ. అవి మీరే వేసుకోవాలి."

"నేనే ఏసుకుంటే మరి నువ్వెందుకు?"

దీప పకపకా నవ్వింది. "సగం వంట నాది, సగం మీది. ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్లు సరిచేసుకుంటారు." అంటూనే ఆమె చారు ఒక చిన్న కప్పులోకి వంపుకుని, తాగి, గిన్నెలో చిటికెడు ఉప్పు వేసింది.

చెన్నయ్య అదిరిపడ్డాడు. "ఎంగిలి జేసినవ్ గదమ్మా!"

"కప్పే కదండీ ఎంగిలైంది. మళ్లీ గిన్నెలో ముంచనుగా. రోజుకు ఇరవైసార్లు చూస్తాను. చూడకుండా ఎలా వడ్డిస్తాను, వాళ్లు తినద్దూ?"

ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. సిరి బల్ల మీది, ఉప్పేసి పులియబెట్టిన చేపల రసం సీసా మూత తీసింది. ఆ వాసనకు ఉప్పల్‌లో మెట్రో రైలు ఆగకుండా వెళ్లిపోయిందంటారు. ఉప్పల్ దాకా ఏమోగానీ, పక్క బల్ల వాళ్లు మాత్రం తిరిగి చూశారు. సిరి ముక్కు మూసుకుంది. చెన్నయ్య ముఖంలో ఏ మార్పూ లేదు.

"నీకేం తెలుస్తలేదా తాతా?"

"లేదు బిడ్డా." మూడేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికన్నాడు. "నాకు ఏ వాసనా తెల్వది."

ఇది తన గిన్నె, ఇందులో ఎంగిలి భయం లేదు. పుదీనా తుంచి వేశాడు. నిమ్మ చెక్క పిండాడు. ఒక చెంచా నోట్లో పోసుకుని కాసేపు అలాగే ఉంచుకున్నాడు.

"ఉప్పు జర తక్కువున్నది. పులుపు కరెక్టు."

సిరి ఆ గిన్నెలోంచి తీసుకుని రుచి చూసింది. "అవును తాతా, ఉప్పు తక్కువే!"

బాలనర్సమ్మ చెంచా కింద పెట్టింది. "మల్ల సూడు."

ఆయన సీసాలోంచి మూడు చుక్కలు వేసి మళ్లీ చూశాడు. "ఇప్పుడు సరిపోయింది." ముక్కు పోయింది గానీ నాలుకకు ఏమీ కాలేదు. మూడేళ్లుగా ఆయన దాన్ని అడగనే లేదు.

"మరి నువ్వు గన్ని దినాలు వాసనతోనే ఎట్ల చెప్పినవే?" అని భార్యను అడిగాడు.

బాలనర్సమ్మ పుదీనా ఆకులు సర్దింది. "వాసనతోని ఉప్పు ఎవనికన్న తెలుస్తదా? డేరా ఎనక రొట్టె ముక్క ముంచుకొని తిన్న."

"మూడేండ్లు?"

"మూడేండ్లు. నీ ఒట్టు నీది. నేను ఏ మేస్త్రికీ ఒట్టెయ్యలే."

చెన్నయ్య ఆమెను కోపంగా చూద్దామనుకున్నాడు. కుదరలేదు. గిన్నె ఎత్తి, అడుగున మిగిలిన చారంతా తాగేశాడు.

ఆదివారం పొద్దున్నే దయాకర్‌కు ఫోన్ చేశాడు. "క్యాటరింగోళ్లు వద్దు. వండేది నేనే."

బోడుప్పల్ పెళ్లిలో బాలనర్సమ్మ ముందు వరస కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. పనివాళ్లందరూ చూస్తుండగా చెన్నయ్య గంజులోంచి గరిటెడు తీసి స్టీలు గిన్నెలో పోసుకున్నాడు. పని నేర్పి చనిపోయిన తన మేస్త్రికి మనసులోనే దండం పెట్టుకుని రుచి చూశాడు. ఒక పిడికెడు వేశాడు. మూత పెట్టాడు. ఆ గిన్నెను గంజుకు దూరంగా తనే కడిగి బోర్లించాడు.

బంతిలో దయాకర్ మొదటి ముద్ద నములుతుంటే చెన్నయ్య గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాడు. మాంసం బకెట్ పట్టుకుని పోతున్న మనిషిని దయాకర్ వెనక్కి పిలిచి, ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాడు.

ఈ కథ విన్న చెన్నయ్య మండిపడ్డాడు.

"అంత అబద్ధం! నేను ఏ వియత్నాం హోటల్‌కూ పోలే. నలభై ఏండ్లల ఒక్కనాడు గంజులది నాలుక మీద ఏసుకోలే. నా ముక్కుకేమైంది, బరాబర్ ఉన్నది. ఉప్పు ఇప్పటికీ వాసనతోనే చెప్త."

పక్కనే కూర్చున్న బాలనర్సమ్మ ఒక్కసారి దగ్గింది.

"అది ఉత్త జలుబు" అన్నాడు చెన్నయ్య.