డూ, మేక్‌ల మధ్య మా నాయన

నిన్న సాయంత్రం మా మనవరాలు వసారాలో కూర్చుని సెల్‌ఫోన్‌లో ఇంగ్లీషు పాఠం వింటోంది, నేను పక్కనే చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. పాఠం చెప్పే కుర్రవాడు చాలా హుషారుగా, ‘ఐ డిడ్ ఎ మిస్టేక్’ అంటే అందరూ నవ్వుతారు ఫ్రెండ్స్, ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’ అనాలి, అన్నాడు. ఆ వెంటనే ఫోన్‌లోంచి ఎక్కడో పట్టి దాచిపెట్టిన నవ్వులు గుంపుగా వినిపించాయి. మనవరాలూ నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయి, ఆపేయ్ దాన్ని, అని ఎంత గట్టిగా అరిచానంటే చేటలో బియ్యం సగం నేలపాలయ్యాయి. “ఏమాయ అవ్వా?” అంది పిల్ల బెదిరిపోయి. ఏమయిందో ఆ పిల్లకు చెప్పలేకపోయాను. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఒక్కసారిగా కాలేజీలో ఇంగ్లీషు పుస్తకాల ముందు కూర్చోవలసి వచ్చిన నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

మాది ముదిగుబ్బ దగ్గర చిన్న ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు, అదీ మా బతుకు. వానలు మాట తప్పేవి కాబట్టి ఇంటిని నిలబెట్టింది గొర్రెలేనని చెప్పాలి. ఆడపిల్లకు పది చాలని ఊరంతా అన్నా వినకుండా నాయన నన్ను కదిరిలో ఇంటర్మీడియట్‌కు చేర్చాడు. ఆయన చదువుకోలేదు. గొర్రెల వెంట తిరిగి తిరిగి ఎండకు నల్లబడిన మనిషి, ఎవరితోనైనా ముక్కుసూటిగా మాట్లాడేవాడు, పంచాయతీలో పెద్దరెడ్ల ఎదుట కూడా గొంతు తగ్గించడం నేనెన్నడూ చూడలేదు. ఆ సంగతి మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నా కోపమంతా అక్కడే ఉంది.

రోజూ బస్సులో కదిరికి పోయి వచ్చేదాన్ని. ఒకరోజు దారిలో బస్సు చెడిపోయింది. కాలేజీ చేరేసరికి ఇంగ్లీషు క్లాసు మొదలైపోయింది. ఆ లెక్చరర్ పేరు పక్కన ‘గారు’ పెట్టడానికి ఇప్పటికీ నా చేయి రాదు, అందుకే పేరే రాయడం లేదు. ఎందుకు ఆలస్యమని ఆయన ఇంగ్లీషులో అడిగాడు. బస్సు చెడిపోయిందని చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు. తప్పు నాదేనని ఒప్పుకోవడం అంతకంటే సులువనిపించి, మాటలు కూడబలుక్కుని, “సారీ సార్, ఐ డిడ్ ఎ మిస్టేక్” అన్నాను.

ఆయన చాక్‌పీసు కింద పెట్టి, నా వాక్యాన్ని నా గొంతుతో, నా యాసతో మళ్లీ పలికి చూపించాడు. టౌను పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. నన్ను వాకిట్లోనే నిలబెట్టి, బోర్డు మీద ఆ వాక్యం రాసి, ‘డిడ్’ కొట్టేసి, ‘మేడ్’ అని రాశాడు. మిస్టేక్ మేక్ చేస్తారు, ప్రామిస్ మేక్ చేస్తారు, హోంవర్క్ మాత్రం డూ చేస్తారు, తెలిసిందా, అన్నాడు. నాకు నిజంగా తెలియలేదు. మనం వంట చేస్తాం, పని చేస్తాం, తప్పు చేస్తాం, పెళ్లి చేస్తాం, అన్నిటికీ మనకు ఒకటే ‘చేయడం’. ఇంగ్లీషు వాళ్లు దాన్ని రెండు ముక్కలు చేసి ఏ ముక్క దేనికి అతికిస్తారో నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. అందుకని, ఎందుకు సార్ అట్లా, అని అడిగాను. పొగరుతో అడగలేదు, తెలుసుకుందామనే అడిగాను. ఆయన ముఖం మారిపోయింది. కారణం ఆయనకూ తెలియదని ఇప్పుడు నాకు తెలుసు. భాషలో అలాంటివి చాలావాటికి కారణమే ఉండదు, అలవాటు తప్ప. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. దానికి బదులు, ఎదురు ప్రశ్నలు వేస్తావా, మీ నాయనను పిలుచుకొచ్చేదాకా క్లాసులో అడుగు పెట్టొద్దు, అని బయటికి పంపేశాడు.

మరుసటి రోజు నాయన గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, పండగకు తప్ప కట్టని తెల్లపంచె కట్టుకుని నాతో వచ్చాడు. స్టాఫ్‌రూములో నలుగురైదుగురు లెక్చరర్లు టీ తాగుతున్నారు. నాయనను ఎవరూ కూర్చోమనలేదు.

“ఏం తప్పు చేసినాది సార్ మా పాప?” అని అడిగాడు నాయన.

“మేక్ అనాల్సిన చోట డూ అనింది. చెప్తే ఎదురు మాట్లాడతాది” అన్నాడు ఆ ఇంగ్లీషు లెక్చరర్.

నాయన అర్థంగాక నా వంక చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగి, “మేకలు మాకు లేవు సార్, మావన్నీ గొర్రెలే” అన్నాడు.

గది గదంతా పగలబడి నవ్వింది. ఒకాయనకు టీ పొలమారింది. నాయన తానేదో అనరాని మాట అన్నాననుకున్నాడు, అందరి ముఖాలూ చూశాడు, ఆ తర్వాత ఎవరి ముందూ వంగని మనిషి రెండు చేతులూ జోడించి, “తప్పయిపోయినాది సార్, సిన్నపిల్ల, చదువు మాత్రం ఆపొద్దండి” అన్నాడు. దేనికి క్షమాపణ చెబుతున్నాడో ఆయనకే తెలియదు.

క్లాసులో అందరి ముందూ సరైన వాక్యం చెబితే రానిస్తానన్నాడు లెక్చరర్. చెప్పాను. ఐ మేడ్ ఎ మిస్టేక్. ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేను పలికిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. అది అబద్ధం కూడా. నేను ఏ తప్పూ చేయలేదు.

సాయంత్రం బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు నాయన నా వైపు తిరిగాడు. “పాపా, ఆ మేకేంది?” అని అడిగాడు. చేయడానికి ఇంగ్లీషులో రెండు మాటలున్నాయని, ఒకదాని చోట ఇంకొకటి వాడానని చెప్పాను. “అంతేనా?” అన్నాడు. “దానికేనా నన్ను ఈడికి పిలిపించింది?” ఆయన గొంతులో కోపం తిరిగొచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. “రెండూ నేర్సుకో. యాడ తప్పు పోయినా వీళ్లు మాత్రం నిన్ను జూసి ఇంగ నవ్వగూడదు” అన్నాడు.

నేర్చుకున్నాను, పంతంతో. బి.ఎడ్. చేసి ఇంగ్లీషు టీచరునే అయ్యాను. గుమ్మఘట్ట వైపు ఒక హైస్కూల్లో చాలా కాలం పనిచేశాను. అక్కడ సగం మంది పిల్లలు ఇంట్లో కన్నడం మాట్లాడతారు, కన్నడంలో భోంచేయడాన్ని ‘ఊట మాడు’ అంటారు, ‘మాడు’ అంటే చేయడమే, కాబట్టి ‘ఐ డిడ్ మీల్స్’ అని చక్కగా రాసేవాళ్లు. నేను నవ్వలేదు. మనం దెబ్బలు ఎందుకు తింటామో చెప్పండి, రుచిగా ఉంటాయా, అని అడిగితే వాళ్లే కిలకిలా నవ్వేవాళ్లు, ఏ భాషలో మాటలు ఆ భాషకు అట్లా కుదురుకుంటాయని అప్పుడు చెప్పేదాన్ని. అంతకంటే గొప్ప పాఠమేమీ చెప్పలేదు.

నాయన పోయిన తర్వాత, తోటి టీచరు పదవీ విరమణ సభకు అనంతపురం పోతే ఆ లెక్చరర్ కనిపించాడు. ముసలివాడైపోయాడు. వెళ్లి, నన్ను గుర్తుపట్టారా సార్, అని జరిగినదంతా చెప్పాను, ఎందుకు చెప్పానో నాకే తెలియదు, ఒక్క మాట అంటాడేమోనని కాబోలు. “అట్లనినాడా మీ నాయన? మేకలు లేవు, గొర్రెలే అనినాడా?” అని కడుపు పట్టుకుని నవ్వి, పక్కన కూర్చున్నాయనకు కూడా చెప్పబోయాడు.

“నవ్వొద్దు సార్” అన్నాను. “ఆయన మా నాయన.”

ఆయన నవ్వు ఆగిపోయింది. చేతిలో కాఫీ వైపు చూపు తిప్పుకున్నాడు. నేను భోజనం చేయకుండానే బయటికి వచ్చేశాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. మా వైపు పల్లెలకు కూడా పసుపురంగు స్కూలు బస్సులు వస్తున్నాయి, చిన్న చిన్న పిల్లలు కూడా ఏ నామవాచకానికి ఏ క్రియ కలపాలో గుక్కతిప్పుకోకుండా చెబుతున్నారు, సంతోషమే. ఇంటికొచ్చాక మాత్రం, ‘మిస్టేక్ చేసినాను’, ‘ప్రామిస్ చేసినాను’ అంటున్నారు. డూలూ మేక్‌లూ పరీక్ష కాగితం దాటి బయటికి రాలేదు. ఆ పాత ‘చేయడమే’ మిగిలింది, పోయినవి మన ‘తప్పూ’, మన ‘మాటా’. ఎవరికైనా మాట ఇచ్చాననే పిల్లను చూసి ఎన్నాళ్లయిందో. ఈ కొద్దిపాటి ఇంగ్లీషు కోసం ఎన్ని పల్లెల నుంచి ఎంతమంది నాయనలు పంచెలు ఉతికి కట్టుకుని వచ్చి, ఎన్ని గదుల్లో నిలబడి పోయారో లెక్క తెలిసినవాళ్లెవరూ లేరు. వాళ్లలో ఒక్కరికైనా, కూర్చోండి, అని ఎవరైనా కుర్చీ చూపించి ఉంటే, నాకీ వయసులో ఇంత కోపం ఉండేది కాదేమో.