వడ్ల గుమ్మి ఎనుక బల్లి

కారు ఇండికేటర్ టిక్ టిక్‌మంటే ఇప్పటికీ నా వేళ్లు సీటును తడుతయి. యాదుందా దోస్తులూ, ఎవలన్న మాటన్నంక బల్లి పలికితే "సత్యం" అని నేల తట్టేటోళ్లం?

ఎనభైలల్ల, మా ఊరు సిరొంచల అక్క ఒక పల్స్ సర్క్యూట్ జేసి వడ్ల గుమ్మి ఎనుక వెట్టింది. నాబ్ తిప్పితే అండ్లున్న రిలే అనే చిన్న స్విచ్చి అచ్చం బల్లి లెక్కనే టిక్కుమనేది.

ఓనాడు నాయిన, "పెద్దపిల్లకు ఆ ముల్చేర ఊరోళ్ల సంబంధం ఖాయం జేద్దామే అమ్మా" అన్నడు.

"పిల్లను ఇంకో ఏడు చదువుకోనీరా," అన్నది నాయినమ్మ.

టిక్!

"సత్యం," అని నాయిన నేల తట్టిండు.

గుమ్మి పక్కన కూసున్న అక్క సంబురంల నాబ్ మొత్తం తిప్పింది. టిక్‌టిక్‌టిక్‌టిక్! పాపం నాయిన, రెండు చేతులతోని తట్టుడే తట్టుడు.

నాయినమ్మ అక్క చెవుల గుసగుసవెట్టింది: "జర నిమ్మలంగ తిప్పవే! గింత జోరుగ ఏ బల్లి పలుకుతది?"