ఆదివారం గ్లాసు

టైలరమ్మ వారమంతా నోరు మెదపదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం, భర్త బ్లాక్‌కరెంట్ అనే నల్లపండ్ల తియ్యటి మద్యం అడుగున పోసి, పైన చల్లటి తెల్లవైన్ నింపి ఇచ్చిన గ్లాసు ఖాళీ కాగానే, అత్తగారిని ఏకిపారేస్తుంది. "మత్తులో వాగిందిలే" అని ఇరవై ఏళ్లుగా అందరూ సరిపెట్టుకుంటున్నారు.

ఈ ఆదివారం భర్త చెయ్యి విరిగి కట్టులో ఉంది. తనే కలుపుకుందామని మొదటిసారి అలమర తెరిచింది. సీసాల మీది అక్షరాలు చదివింది. ఒకటి పిల్లలు తాగే పళ్ల సిరప్, రెండోది ఉత్త తెల్లద్రాక్ష రసం.

"ఇన్నేళ్లూ పోసింది ఇదా?"

"మొదటి వారం అసలుది పోస్తే వాంతి చేసుకున్నావ్. అప్పట్నుంచీ ఇదే," అన్నాడు భర్త నేలచూపులు చూస్తూ.

ఆమె సీసా కింద పెట్టేసింది. "అయితే ఆ మాటలన్నీ తెలివిలో ఉండే అన్నానా! అత్తయ్యకి తెలిస్తే?"

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది.

"నాకెప్పుడో తెలుసు. ఇన్నేళ్లూ ఆ గ్లాసు కడిగింది నేనేగా!"