మెట్ల కోసం కటూంబా

సిడ్నీ వచ్చిన దగ్గర్నుంచి మా అబ్బాయి నాకు చూపించినవన్నీ షాపింగ్ మాళ్ళే. కటూంబా కొండల్లో లోయలోకి దిగే నిటారు మెట్లున్నాయని తెలియగానే పట్టుబట్టాను. తిరుమల కొండ నడిచి ఎక్కినదాన్ని, మెట్లంటే నాకు సరదా.

ఆదివారం పొద్దున్నే స్కోఫీల్డ్స్ స్టేషన్‌కి చేరాం. ఏడో తరగతి చదివే మా మనవరాలు సహస్ర, స్నేహితురాలు మ్యాడీతో దూరంగా నిలబడింది. పట్టుచీర కింద స్పోర్ట్స్ షూ వేసుకున్న నన్ను ఎరగనట్టే ఉంది. రైలొచ్చి తలుపులు తెరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి ఒంటి తుమ్ము తుమ్మాడు.

“ఆగండి! కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరదాం.”

“అమ్మా, ట్రెయిన్ మిస్సవుతాం!” అంటూనే వాడూ బెంచీ మీద చతికిలబడ్డాడు. రైలు పోయింది.

సహస్ర మొహం కందగడ్డయింది. మ్యాడీతో గబగబా ఏదో చెప్పింది. నాకు మోకాళ్ళ నొప్పులట, అందుకే రైలెక్కలేకపోయానట! హవ్వ!

తర్వాతి రైల్లో బ్లాక్‌టౌన్ వెళ్ళి, కొండల రైలు మారాం. దారిలో దిబ్బరొట్టె, ఆవకాయ. కటూంబాలో దిగుతుంటే మ్యాడీ నా చెయ్యి పట్టుకుని, “స్లోలీ, స్లోలీ,” అంది. బంగారుతల్లి. వెనక సహస్ర కళ్ళతోనే నన్ను బతిమాలుతోంది. కొత్త స్కూల్లో దానికి దొరికిన ఒక్కగానొక్క స్నేహితురాలు, అబద్ధం బయటపడితే దూరమవుతుందని భయం. సరేనని కుంటడం మొదలుపెట్టాను. స్టేషన్ దగ్గర ఎక్కిన బస్సు దిగేసరికి ఏ కాలో మర్చిపోయి, రెండు కాళ్ళతోనూ కుంటుతూ నడిచాను.

త్రీ సిస్టర్స్ అనే రాతి శిఖరాల పక్కనే నా మెట్లు. “మీరు వెళ్ళిరండి, నేనిక్కడ కూర్చుంటా,” అన్నాను. ఏడుపొచ్చింది. దేనికొచ్చాను, ఏం చేస్తున్నాను!

నాలుగు మెట్లు దిగిన సహస్ర గిరుక్కున వెనక్కొచ్చింది.

“మ్యాడీ, సారీ, అబద్ధం చెప్పాను. నానమ్మ మోకాళ్ళు బానే ఉన్నాయి. ఎవరైనా తుమ్మితే మేం కాసేపు కూర్చుంటాం, అంతే!”

“నాతో చెప్తే నేనూ కూర్చునేదాన్ని కదా,” అని మ్యాడీ ఇంగ్లీషులో మూతి ముడిచింది. మిగతాది నేను వినలేదు, అప్పటికే మెట్ల మలుపు దాటేశాను.

వెళ్ళేవాళ్ళకో మాట. దిగడం తేలికే, ఎక్కేటప్పుడే దేవుడు గుర్తొస్తాడు. సాయంత్రం రైల్లో పిల్లలిద్దరూ కాళ్ళు పట్టేసి మూలుగుతున్నారు. మ్యాడీ నా పక్కన కూర్చోబోయింది.

“ఎక్స్‌క్యూజ్ మీ, షీ ఈజ్ మై నానమ్మ,” అంటూ సహస్ర మధ్యలో దూరింది.

కిటికీకి నలిగిపోయాను గానీ, బ్లాక్‌టౌన్ వచ్చేదాకా కిక్కురుమనలేదు.