మామ విమానానికి బొమ్మ చేయించడం

గుండెకు ఆపరేషన్ తప్పదని నెల్లూరు డాక్టర్లు చెప్పిన రోజు నుంచి మా మామ ఎవరితోనూ సరిగా మాట్లాడడం మానేశాడు. ఎవరైనా ఆ మాటెత్తితే లేచి వెళ్ళి తన పంపుసెట్ల రిపేరు షాపులో కూర్చునేవాడు. "నువ్వొచ్చి చెప్తే తప్ప వినే రకం కాదు, ఒకసారి రా తల్లీ" అని అత్త ఫోన్లో ఏడ్చింది. నేను తడ దగ్గర ఒక చెప్పుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. వారమంతా లైన్లో అమ్మాయిల మీద అరిచి అరిచి గొంతు ఎలాగూ సిద్ధంగానే ఉంటుంది. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ మామే కాబట్టి, ఆయన్ని తిట్టే హక్కు కూడా అందరికంటే నాకే ఎక్కువని నా లెక్క. ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ముత్తుకూరు చేరాను.

ఆయన నన్ను తిట్టనివ్వలేదు. వరండాలో కుర్చీ చూపించి, నేను కూర్చోగానే, "ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెడతా పాపా. దానికి ముందు నాకొక బొమ్మ చేయించి పెట్టు" అన్నాడు.

"ఏం బొమ్మ మామా?"

"విమానం బొమ్మ."

మనిషికి మతి చలించిందేమోనని ఒక్క క్షణం నిజంగానే భయపడ్డాను.

మామ మీసాలు సరిగా రాకముందే వైమానిక దళంలో చేరాడు. ఊళ్ళో చాలామంది ఆయన్ని పైలట్ అనే అనుకునేవాళ్ళు. ఆయన మాత్రం "నేను నేల మీద పనోణ్ణి. విమానం కింద పడుకుని నట్లు బిగించేవోణ్ణి" అని అడిగిన ప్రతివాడికీ చెప్పేవాడు. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు ఉత్తరాదిన సరిహద్దుకు దగ్గర్లో ఉన్నాడని మాకు తెలుసు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఆ రోజు చెప్పాడు.

అది ఒక్క మనిషి మాత్రమే పట్టే చిన్న యుద్ధ విమానం. దాన్ని నడిపే ఆఫీసరు మామ కంటే కొంచెం పెద్దవాడు, అప్పుడే పెళ్ళయినవాడు. ఒక సాయంత్రం ఆయన హడావుడిగా బయల్దేరాల్సి వచ్చింది. ఎడమ రెక్క కింద ఒక రేకు మూత ఉంటుంది. దాన్ని మూసి స్క్రూలు బిగించడం మామ పని. సగం బిగించేసరికి పక్క విమానం దగ్గర్నుంచి ఎవరో కేకేస్తే పరిగెత్తాడు. తిరిగొచ్చి మిగతావి బిగించాడా? అది మాత్రం ఆయనకు గుర్తు లేదు. అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు పచ్చబడ్డాయి. విమానం లేవడం చూశాడు, దిగడం చూడలేదు. కామెర్లు ముదిరి పడిపోతే ఆయన్ని లారీలో ఎక్కించి దూరంగా ఉన్న ఆసుపత్రికి పంపేశారు. అక్కడ పక్క మంచం మీది మనిషి, మీ దగ్గర్నుంచి పోయిన విమానం ఒకటి తిరిగి రాలేదట అన్నాడు.

"ఏ విమానమో అడగలేదా?" అన్నాను.

"అడగలా."

"ఎందుకు?"

"అడిగితే చెప్తారు గదా పాపా."

కోలుకునేసరికి యుద్ధం అయిపోయింది. ఆయన్ని అటునుంచి అటే దక్షిణాదికి బదిలీ చేశారు. పాతవాళ్ళెవరూ మళ్ళీ తారసపడలేదన్నాడు. తారసపడకుండా ఈయనే తప్పుకున్నాడని నా అనుమానం.

"ఆ మూత యాడుండాదో, నేను ఏ పక్క కూర్చోనుంటినో ఒకసారి కళ్ళారా చూస్తే, బిగించినానో లేదో గుర్తొస్తాది. అది తేలకుండా మత్తు సూది ఏయించుకుని పడుకుంటే, మళ్ళీ లేవకపోతే, దేవుడి ముందర ఏం చెప్పేది?" అన్నాడు. మాట వరసకు అన్నది కాదు.

అప్పుడర్థమైంది నాకు. మా సంఘంలో ఎవరింట్లో కూడిక జరిగినా చివర్లో ప్రార్థన విన్నపాలు చెప్పమంటారు. ఒకరు కొడుకు ఉద్యోగమంటారు, ఒకరు కూతురి కాన్పంటారు, ఒకరు బర్రె పాలివ్వడం లేదంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మామది ఒకటే విన్నపం. "దూరాన ఒక కుటుంబం ఉంది, వాళ్ళను జ్ఞాపకం చేసుకోండి" అనేవాడు. ఎవరని అడిగితే చెప్పడు. పాస్టర్లు మారారు గాని విన్నపం మారలేదు. ఊరు దానికి ఒకటే అర్థం తీసింది. మిలిట్రీలో ఉన్నప్పుడు ఈయన ఎవరినో చేసుకుని, వదిలేసి వచ్చాడని. ఆ మాట అత్త చెవిన పడకుండా ఉంటుందా?

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్త చేతిలో గరిటెతోనే వరండాలోకి వచ్చేసింది.

"అంటే ఆ కుటుంబం ఆ ఆఫీసరుదా?"

"ఇంకెవురిదనుకున్నావు?"

అత్త కుర్చీలో కూలబడింది. "ఇన్నేళ్ళు నేను ఎంత ఏడ్చినానో తెలుసునా నీకు? ఆమె ఎట్టుంటాదో, పిల్లకాయలు ఎంతమందో అని. వాళ్ళు చల్లంగుండాలని నేను గూడా మోకాళ్ళేసి ప్రార్థన చేసినా గదయ్యా!" అంటూ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. మామ బిత్తరపోయి చూశాడు. ఊరంతా తిరిగిన పుకారు ఆయన దాకా రానేలేదు. ఆ ఇంట్లో ఒక గుండె అయితే ఆ పూటే కుదుటపడింది. రెండోదాని సంగతే మిగిలింది.

పోర్టుకు వెళ్ళే రోడ్డులో ఓడ బొమ్మలు చేసే ఒకాయన ఉన్నాడు. రిటైరయ్యే ఆఫీసర్లకూ వచ్చిపోయే పెద్దలకూ ఇవ్వడానికి కంపెనీలవాళ్ళు ఆయన దగ్గరే చేయిస్తారు. టేకు చెక్క, అద్దాల పెట్టె, లోపల రంగురంగుల లైట్లు. నేను విషయం చెప్పగానే "విమానమా? నేను చెయ్యలేనిది ఏదన్నా ఉంటే చెప్పక్కా" అన్నాడు. అంతవరకు ఒక్కటంటే ఒక్క విమానం కూడా చేయలేదని తర్వాత తెలిసింది. లైట్లు మాత్రం వద్దు అంటే, "లైట్లు లేకపోతే అది బొమ్మ ఎట్టవుతాదక్కా, చెక్కముక్క అవుతాది" అని చిన్నబుచ్చుకున్నాడు. ఎడమ రెక్క కింద మూత కచ్చితంగా ఉండాలని, తెరిచి మూసేలా ఉండాలని, తోక మీద మామ చెప్పిన నెంబరు రాయాలని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చాను. ఆ నెంబరు మామకు తన పుట్టినరోజు కంటే బాగా గుర్తు.

చెప్పి వచ్చానే గాని భయం పట్టుకుంది. బొమ్మ చూశాక ఆయనకు గుర్తొస్తే? బిగించలేదనే గుర్తొస్తే? ఆపరేషన్ మాట అటుంచి, ఆ గుండె అక్కడికక్కడే ఆగిపోదా? బొమ్మ ఎంత ఆలస్యమైతే అంత మంచిదని ఒక రోజు అనిపించేది, ఇలాగే ఆలస్యమైతే మనిషే దక్కడని ఇంకో రోజు అనిపించేది. ఆ రోజుల్లో నా దగ్గర పడ్డ తిట్లను లైన్లో అమ్మాయిలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక మధ్యాహ్నం ఓడ బొమ్మల ఆయన ఫోన్ చేశాడు. రంగులు సరిగ్గా వేయడానికి ఆ రకం విమానం ఫొటోలు ఇంటర్నెట్లో వెతుకుతున్నాడట.

"అక్కా, మీ మామ విమానం ఉండాది గదా! నాకు చెప్పనే లేదే?"

"ఉండడమేంటి? ఎక్కడుంది?"

"యాడో ఉత్తరాదిన, ఒక పార్కులో దిమ్మె మీద నిలబెట్టుండారు. తోక మీద అదే నెంబరు. పిల్లకాయలు దాని కింద కూర్చోని ఐస్‌క్రీములు తింటా ఉండారు."

మిషన్ల మోత మధ్య నిలబడి ఆ ఫొటో చూశాను. బూడిద రంగు బుల్లి విమానం, తోక మీద మామ నోటి వెంట విన్న అదే నెంబరు. కూలిపోయిన విమానాన్ని ఎవరూ తెచ్చి పార్కులో నిలబెట్టరు. కడుపునొప్పని అబద్ధం చెప్పి బస్సెక్కాను.

మామ ఆ ఫొటోను పెద్దది చేసి, జరిపి జరిపి చూశాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

"పార్కుల్లో పెట్టేటప్పుడు మళ్ళీ రంగేస్తారు పాపా. అప్పుడు ఏదో ఒక నెంబరు రాస్తారు. ఇది నమ్మేదానికి లేదు."

నాకు ఒళ్ళు మండింది. "దేవుడు దిగొచ్చి చెప్పినా నమ్మవా నువ్వు?" అన్నాను.

"ఆయన చెప్తే నమ్ముతా. రంగేసేవోడు చెప్తే నమ్మను." మళ్ళీ తనే అన్నాడు. "దాని కడుపు కింద, ముందు చక్రం వెనకాల చూడమను. అరచెయ్యంత రేకు అతుకుండాల. యుద్ధానికి ముందర నేనేసిందే. రివెట్లు ఒక వరస వంకరబోయినాయని మా పైవోడు నన్ను బూతులు తిట్టినాడు. ఎంత రంగేసినా రివెట్లు యాడికి పోతాయి?"

బొమ్మల ఆయనకు ఫోన్లో ఇలాంటి బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళ స్నేహాలు బోలెడు. ఆ పార్కున్న ఊళ్ళోనే ఉండే ఒకాయన్ని పట్టుకున్నాడు. ఆయన మరునాడు పొద్దున పార్కు కాపలాదారుని బతిమాలి, దిమ్మె ఎక్కి, విమానం కిందికి దూరి ఫొటో తీసి పంపాడు.

ముందు నేనే చూశాను. మామకు చూపించడానికి నాకు ధైర్యం కావాలి కదా. మందంగా పూసిన రంగు కింద నలుచదరపు అతుకు కనిపించింది. మూడు వైపులా రివెట్లు బుద్ధిగా వరసలో ఉన్నాయి. నాలుగో వైపు తాగినవాడి నడకలా ఉంది. మా ఫ్యాక్టరీలో అలాంటి కుట్టు కనబడితే చెప్పు తీసి అవతల పారేసేదాన్ని. ఒక చెడ్డ పనితనం చూసి నా జన్మలో అంత సంతోషపడింది లేదు.

ఫోన్ ఆయనకిచ్చాను. చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నా పనే" అన్నాడు.

అత్త "స్తోత్రం, స్తోత్రం" అంది. మామ లోపలికి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. ఏమైందోనని వెళ్ళి చూస్తే గురక పెడుతున్నాడు. పట్టపగలు ఆయన నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. అత్తా నేనూ గుమ్మంలో కూర్చుని, ఆ గురక వింటూ టీ తాగాం. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ మూత బిగించాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. సంతకం పెట్టాడు. ఆపరేషన్ బాగా జరిగింది. పాస్టరు గారు ఆసుపత్రికి వచ్చి, ఇక ఆ విన్నపం తీసేద్దామా అని అడిగితే వద్దన్నాడు. "రాని విమానం ఇంకోటుండాది గదా అయ్యగారూ. ఆ ఇంటోళ్ళకు చేరతాది లెండి" అన్నాడు.

ఇంటికొచ్చి నాలుగడుగులు వేస్తున్న రోజుల్లో బొమ్మ వచ్చింది. వద్దన్నా వినకుండా బొమ్మల ఆయన లైట్లు పెట్టే తెచ్చాడు. రెక్కల చివర ఎరుపూ ఆకుపచ్చా వెలిగి ఆరుతున్నాయి. నేను నోరు తెరవబోతే మామ చేత్తోనే వారించి, బొమ్మను ఒళ్ళోకి తీసుకున్నాడు. రెక్క కింద మూతను వేలితో ఒకసారి తెరిచి మూశాడు, అంతే. పైలట్ కూర్చునే చోట శనగ్గింజంత తల ఒకటి చెక్కి ఉంది. ఆయన చూపంతా దాని మీదే నిలిచిపోయింది.

"ఆ సాయంత్రం దిగినాడు పాపా" అన్నాడు. "ఇన్నేళ్ళూ ఆ సారును పాతికేళ్ళ పిల్లోడనే అనుకుంటా వచ్చినా. నల్లటి జుట్టు, సన్నటి మీసం. ఇప్పుడాయనకు ఎనభై దగ్గరికి వచ్చుంటాయి గదా?"

"వచ్చుంటాయి మామా."

"మోకాళ్ళ నొప్పులుంటాయి. చెవులు సరిగ్గా వినబడవు. పళ్ళు కట్టించుకోనుంటాడు. మనవరాళ్ళు ఇసుక్కుంటా ఉంటారు." ఒక్కొక్కటే చెబుతూ నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "ముసలోడైపోయుంటాడు పాపా! ముసలోడైపోయుంటాడు!"