నలుపు తెలుపు చారల లైట్‌హౌస్

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరందుకున్న ఆ రోజుల్లో మా వారు కంపెనీ పని మీద ఏ దేశం వెళ్ళినా ఒక పింగాణీ లైట్‌హౌస్ బొమ్మ తెచ్చేవారు. అవి వాళ్ళన్నయ్య కోసం. మా బావగారు శ్రీకాకుళం తీరాన లైట్‌హౌస్‌లో పనిచేసి రిటైరై, నేరేడ్‌మెట్‌లో మాతోనే ఉండేవారు. ప్రతి బొమ్మా ఎక్కడో నిజంగా ఉన్నదానికి నకలే. దాని చరిత్ర రాసిన కాగితం పెట్టెలో ఉండేది. నేను చదివితే ఆయన వివరించేవారు.

"ఆ చారలు సోకుకనుకున్నావేటమ్మా? పగలు దీపం అగుపడదు గదా. చారలు చూసే పడవోళ్ళు ఇది ఫలానా ఊరని పోల్చుకుంటారు. రాత్రయితే మెరుపులు లెక్కెడతారు."

ఆయన పనిచేసినదానికి నలుపు తెలుపు చారలు. ఆ బొమ్మ మాత్రం దొరకలేదు. చివరికి మా వారు బన్సీలాల్‌పేట్‌లో ఒక పెయింటర్‌కి తెల్ల బొమ్మ ఇచ్చి చారలు వేయమన్నారు.

అప్పటికే నీటికాసుల జబ్బుతో, అదే గ్లకోమాతో, బావగారికి ఒక కన్ను పోయింది. రెండోది నిలవాలంటే రోజూ చుక్కలు తప్పకూడదన్నారు డాక్టరు. ఆయన తనే వేసుకునేవారు, ఎవరి చేతా వేయించుకునేవారు కాదు.

ఆ కార్తీకంలో మా సత్సంగమంతా ఆయన చూపు కోసం సంకల్పం చెప్పుకుని ఉపవాసాలున్నాం. ఆయనా ఉన్నారు. నెలాఖరున నేను పారాయణ నుంచి వచ్చేసరికి బావగారు గోడ తడుముకుంటూ నడుస్తున్నారు. చుక్కల సీసాకు మూతే తీయలేదు.

"వేసుకోలేదా బావగారూ?"

"కంట్లో ఏస్తే చేదు గొంతులోకి దిగిపోతాది కదమ్మా. దీచ్చ చెడదా? నా కళ్ళ కోసం మీరంతా కడుపు మాడ్చుకుంటంటే నేను మందు మింగనా?"

ఆసుపత్రిలో డాక్టరు సీసా అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒక్క మాట నన్ను అడగొద్దా సార్? పోయిన చూపు నేనేడికెల్లి తెస్త?"

భగవంతుడు మా మొర వినలేదని నేననుకోను. ఆ దేవుడు ఇచ్చింది ఆ సీసాలోనే ఉండిపోయింది. ఇప్పటికీ సంకల్పం చెప్పించే ముందు ఎవరెవరు ఏ మందు వాడుతున్నారో అందరినీ అడుగుతాను.

ఆ వారమే పెయింటర్ దగ్గర నుంచి బొమ్మ వచ్చింది. బావగారి చేతుల్లో పెట్టాను. కింది నుంచి పైదాకా మెల్లగా తడిమారు.

"చారలేశాడా?"

"వేశాడు. నలుపూ తెలుపూ."

మళ్ళీ తడిమారు. అంతా ఒకే నునుపు.

"ఇది ఏ ఊరిదో తెలీటం లేదమ్మా," అని బొమ్మ నాకు తిరిగిచ్చేశారు.